గేరు మోటారుకు పవర్ లెక్క: 130 ఆంప్‌ల వాట్ మీటర్ రివ్యూ

మోడల్ విమానాల్లో మోటారు షాఫ్ట్‌కే ప్రాప్ (ప్రొపెల్లర్) బిగించే అవుట్‌రన్నర్లకు (బయటి గుల్ల తిరిగే మోటార్లకు) వాట్ మీటర్ చూపే అంకె ఒక్కటే ఉన్నా పని చాలావరకు గడిచిపోతుంది. గేర్‌బాక్స్ ఉన్న మోటారుకు అలా గడవదు. బ్యాటరీ నుంచి ఎంత పోతోందో మీటర్ చెబుతుంది గానీ, గేర్లు దాటి ప్రాప్‌కి ఎంత చేరుతోందో చెప్పదు. ఆ రెండో అంకె తేలాలంటే మీటర్ పక్కన ప్రాప్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఒక టాకోమీటర్, ఒక చిన్న లెక్క తప్పనిసరి. ఈ రివ్యూ అంతా ఆ కోణం నుంచే: గ్లైడర్లకు, నెమ్మదిగా ఎగిరే పెద్ద రెక్కల మోడళ్లకు వాడే గేరు మోటార్ల పనికి ఈ మీటర్ ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

వస్తువు సంగతి ముందు. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరానికీ) మధ్య కలిపే అరచేతిలో ఇమిడే డబ్బా ఇది. ఇదే డిజైన్ రకరకాల పేర్లతో, రకరకాల స్టిక్కర్లతో దొరుకుతుంది. 60 వోల్టులు, 130 ఆంప్‌ల వరకు కొలుస్తుందని రాసి ఉంటుంది, కొన్నింటి మీద 150 అని కూడా. వోల్టేజి, కరెంటు రెండూ పాయింటు తర్వాత రెండు స్థానాల దాకా చూపిస్తుంది. తెర మీద ఆంప్‌లు, వోల్టులు, వాట్లు ఎప్పుడూ కనిపిస్తాయి. నాలుగో మూల మాత్రం రెండేసి సెకన్లకు మారుతూ ఉంటుంది: వాడిన ఆంపియర్ గంటలు, వాట్ గంటలు, కరెంటు గరిష్ఠం, వోల్టేజి కనిష్ఠం, వాట్ల గరిష్ఠం. ఇచ్చిన డబ్బుకు ఇంత సమాచారం ఇచ్చే పనిముట్టు ఈ హాబీలో మరొకటి లేదు.

కనెక్టర్లు రావు. నాలుగు వైర్ల కొసలు ఉత్తగా వదిలేసి ఉంటాయి. ఎక్స్‌టీ60 రకం కనెక్టర్ల జతను మీరే సోల్డరింగ్ చేసుకోవాలి. "సోర్స్" అని రాసి ఉన్న వైపు బ్యాటరీ, "లోడ్" అని రాసి ఉన్న వైపు ఈఎస్‌సీ. అందుకే సోర్స్ వైపు ఈఎస్‌సీకి ఉండే రకం కొస, లోడ్ వైపు బ్యాటరీకి ఉండే రకం కొస పెట్టండి. అప్పుడు తిరగేసి కలపడం వీలే కాదు. సోల్డరింగ్‌లో ఎరుపు, నలుపు తారుమారైతే మీటర్ అక్కడికక్కడే పోతుంది, లోపల రక్షణ ఏమీ లేదు. మొదటిసారి బ్యాటరీ తగిలించే ముందు మల్టీమీటర్‌తో ధ్రువాలు ఒకసారి చూసుకోండి.

130 ఆంప్‌లు అన్న మాటను అక్షరాలా నమ్మకండి. లోపల కరెంటును కొలిచే షంట్ నిరోధం ఒక మిల్లీ ఓం దగ్గర ఉంటుంది కాబట్టి 24 ఆంప్‌లకు అక్కడ పోయేది ముప్పావు వాట్ కూడా కాదు, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఇబ్బంది వైర్లది. చౌక రకాల్లో అవి సన్నగా ఉంటాయి, 60 ఆంప్‌లు దాటితే నిమిషంలోపే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. 40 ఆంప్‌లలోపు గేరు మోటార్లకు మాత్రం నిశ్చింతగా వాడొచ్చు. వైర్లను పొడిగించొద్దు. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి దారి పొడుగయ్యేకొద్దీ వోల్టేజి కుదుపులు పెరుగుతాయి, ఆ దెబ్బ ఈఎస్‌సీ కెపాసిటర్లకు తగులుతుంది.

ఇక లెక్క. మోటారు షాఫ్ట్ దగ్గర తేలే పవర్‌ను రెండు దారుల్లో అంచనా వేయొచ్చు. రెండూ చేసి పోల్చి చూడటంలోనే ఈ మీటర్ విలువ బయటపడుతుంది.

మొదటిది బ్యాటరీ వైపు నుంచి వచ్చే దారి. మీటర్ చూపిన కరెంటులోంచి మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు లాగే కరెంటు తీసేయాలి. మీటర్ చూపిన వోల్టేజిలోంచి కరెంటు, నిరోధాల లబ్ధం తీసేయాలి. మిగిలిన రెండింటినీ గుణిస్తే షాఫ్ట్ పవర్. రెండోది ప్రాప్ వైపు నుంచి. ప్రాప్ మింగే పవర్ = స్థిరాంకం × వ్యాసం నాలుగో ఘాతం × పిచ్ × ఆర్‌పీఎం మూడో ఘాతం. వ్యాసం, పిచ్ (ఒక చుట్టులో ప్రాప్ ముందుకు జరగాల్సిన దూరం) అడుగుల్లో, ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వేలల్లో వేస్తే జవాబు వాట్లలో వస్తుంది. ఇది ఆస్ట్రోఫ్లైట్ సంస్థకు చెందిన బాబ్ బౌచర్ పేరుతో మోడలర్లలో వాడుకలో ఉన్న సూత్రం. 1974లో సౌరశక్తితో ఎగిరిన సన్‌రైజ్ విమానం కట్టిన సంస్థ అదే. స్థిరాంకం ప్రాప్ రకాన్ని బట్టి సుమారు 1.1 నుంచి 1.3 దాకా మారుతుంది. ఏపీసీ ప్రాప్‌లకైతే ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత పవర్ తీసుకుంటుందో పట్టికలు ఆ కంపెనీయే ఇస్తుంది, వాటిలోంచి మీ ప్రాప్ స్థిరాంకాన్ని మీరే తీసుకోవచ్చు.

అంకెలతో చూద్దాం. 3800 కేవీ (వోల్టుకు 3800 ఆర్‌పీఎం) ఇన్‌రన్నర్ (లోపలి భాగం తిరిగే మోటారు), 6:1 గేర్‌బాక్స్, 12×8 ప్రాప్ (12 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్), మూడు సెల్‌ల లైపో బ్యాటరీ అనుకోండి. ఖాళీ కరెంటు 1.6 ఆంప్‌లు, మోటారు, ఈఎస్‌సీ కలిపి నిరోధం 0.03 ఓం. సగం వాడిన బ్యాటరీతో ఫుల్ త్రాటిల్‌లో మీటర్ 24 ఆంప్‌లు, 11.0 వోల్టులు, 264 వాట్లు చూపిస్తోంది. టాకోమీటర్ 6,510 అంటోంది.

బ్యాటరీ వైపు లెక్క: 24లోంచి 1.6 తీస్తే 22.4. నిరోధంలో పోయేది 24 × 0.03 = 0.72 వోల్టులు, మిగిలేది 10.28. రెండింటి లబ్ధం 230 వాట్లు. గేర్లలో 5 శాతం పోతుందనుకుంటే ప్రాప్‌కి 219. ప్రాప్ వైపు లెక్క: 12 అంగుళాలంటే సరిగ్గా ఒక అడుగు, ఒకటికి ఎన్ని ఘాతాలు వేసినా ఒకటే. పిచ్ 0.667, ఆర్‌పీఎం మూడో ఘాతం 276, స్థిరాంకం 1.2. జవాబు 221. రెండు దారులూ ఒకే చోట కలిశాయి. 264లో 220 ప్రాప్‌కి చేరుతున్నాయి, అంటే 83 శాతం. ఇది ఆరోగ్యంగా ఉన్న గేరు మోటారు.

అదే 24 ఆంప్‌ల దగ్గర టాకోమీటర్ 6,000 చూపించిందనుకోండి. ప్రాప్ తీసుకునేది 173 వాట్లే. తొంభై వాట్లు ఎక్కడో వేడిగా మారుతున్నాయి. మీటర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే "264 వాట్లు, బాగుంది" అనుకుని విమానాన్ని గాల్లోకి వదిలేస్తారు. ఇలాంటప్పుడు చూడాల్సినవి వరుసగా: గేరు పళ్ల మధ్య సందు, బేరింగులు, మోటారు మాగ్నెట్ బలం తగ్గిందా, ఈఎస్‌సీ టైమింగ్ (మోటారు వైర్లకు కరెంటు మార్చే క్షణం) ఈ మోటారుకు సరిపోతోందా.

నిరోధం కొలవడం కష్టమేమీ కాదు. మోటారు మూడు వైర్లలో ఏ రెండింటి గుండానైనా బెంచ్ సప్లైతో 5 ఆంప్‌లు పంపి, మోటారు కొసల దగ్గర మిల్లీవోల్టులు చూడండి. 125 వస్తే 0.025 ఓం. ఈఎస్‌సీ వాటాగా ఇంకో 0.005 కలపండి. ఖాళీ కరెంటు కోసం గేర్‌బాక్స్ విప్పేసి మోటారును ఒంటరిగా తిప్పాలి. 11 వోల్టుల దగ్గర ఈ రకం మోటారు 40 వేల ఆర్‌పీఎం దాటుతుంది కాబట్టి నాలుగైదు సెకన్లతో సరిపెట్టండి. తర్వాత గేర్‌బాక్స్ బిగించి, ప్రాప్ లేకుండా మళ్లీ చూడండి. 1.6 కాస్తా 2.0 అయితే మామూలే. 3 ఆంప్‌లకు ఎగబాకితే గేర్లు పట్టేస్తున్నట్టు. ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఈ మీటర్ కొనొచ్చు. చెవికి వినపడని బిగుతును అంకె రూపంలో పట్టిస్తుంది.

బిగుతు సరిచేయడానికి పాత పద్ధతే మంచిది. న్యూస్‌పేపర్ చీలిక ఒకటి మోటారు మీది చిన్న గేరు పినియన్‌కూ పెద్ద గేరుకూ మధ్య పెట్టి, మోటారును దగ్గరకు నొక్కి స్క్రూలు బిగించండి. తర్వాత గేరు తిప్పి కాగితాన్ని బయటికి లాగండి. దాని మీద పళ్ల మడతలు స్పష్టంగా పడాలి, కాగితం చిరగకూడదు. చిరిగితే మరీ దగ్గర, మడతలు సరిగా పడకపోతే మరీ దూరం. దూరమైతే త్రాటిల్ ఒక్కసారిగా తోసినప్పుడు ప్లాస్టిక్ పళ్లు ఊడతాయి. పెద్ద గేరు కొంచెం వంకర ఉంటే ఒక చోట సరిపోయి ఇంకోచోట పట్టేస్తుంది, అందుకని నాలుగు చోట్ల తిప్పి చూడాలి. ప్లానెటరీ గేర్‌బాక్స్‌లలో (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేవి) ఈ సర్దుబాటు ఉండదు, పలచగా గ్రీజు ఉండేలా చూసుకుంటే చాలు.

గేరు నిష్పత్తిని లేబుల్ చూసి వేయకండి, పళ్లు లెక్కపెట్టండి. మామూలు జత గేర్లకు పెద్దదాని పళ్లను చిన్నదాని పళ్లతో భాగించాలి: 60 పళ్లు, 10 పళ్లు అయితే 6:1. ప్లానెటరీలో బయటి వలయం పళ్లను మధ్య గేరు పళ్లతో భాగించి ఒకటి కలపాలి: 60, 12 అయితే అదీ 6:1. ఆ ఒకటి కలపడం మరిచిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. ఇంకొక సంగతి. మామూలు జత గేర్లు ప్రాప్‌ను మోటారుకు వ్యతిరేక దిశలో తిప్పుతాయి. బ్రష్‌లెస్‌కి రెండు వైర్లు మార్చితే సరిపోతుంది గానీ, టైమింగ్ ముందుకు జరిపిన బ్రష్డ్ మోటారును అలా తిరగేస్తే కరెంటు ఎక్కువ, పని తక్కువ. మీటర్ మీద ఆ తేడా వెంటనే కనిపిస్తుంది.

నిష్పత్తి మార్చితే ఏమవుతుందో ఊహించడంలోనే ఎక్కువమంది ఈఎస్‌సీలు కాల్చుకుంటారు. పై మోటారుకే అదే 12×8 ప్రాప్ ఉంచి 6:1 బదులు 5:1 వేశామనుకోండి. చూడ్డానికి చిన్న మార్పే. ప్రాప్ వేగం 1.2 రెట్లు అయితే పవర్ దాని మూడో ఘాతం, అంటే 1.73 రెట్లు కావాలి. మోటారు అంత బరువు మోయలేక కొంత నెమ్మదిస్తుంది, బ్యాటరీ వోల్టేజీ కొంత జారుతుంది. లెక్క వేస్తే 10.7 వోల్టులు, 36 ఆంప్‌లు, 385 వాట్లు దగ్గర కుదురుకుంటుంది. 24 నుంచి 36కి. 30 ఆంప్‌ల ఈఎస్‌సీ అప్పటిదాకా చల్లగా ఉండి, ఈ మార్పుతో మొదటి ఎగరడంలోనే పోతుంది. మోటారులో వేడిగా పోయే పవర్ కూడా 34 వాట్ల నుంచి 54కి పెరుగుతుంది. అందుకే నిష్పత్తి తగ్గించినప్పుడు ప్రాప్ కూడా తగ్గించాలి, లేదా ముందు సగం త్రాటిల్ దాకా మాత్రమే వెళ్లి చూడాలి.

గరిష్ఠాల విషయంలో మీటర్‌ను జాగ్రత్తగా చదవాలి. 6:1తో ఉన్న పై అమరికే అప్పుడే ఛార్జి చేసిన బ్యాటరీతో అయితే మొదటి కొన్ని సెకన్లలో 27.5 ఆంప్‌లు, 11.8 వోల్టులు, సుమారు 325 వాట్లు చూపిస్తుంది. సగం బ్యాటరీతో 264. వాట్ల గరిష్ఠం అన్న అంకె మొదటిదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఈఎస్‌సీ సైజు నిర్ణయించడానికి ఆ 27.5 కావాలి, ఈ మోటారుకు 40 ఆంప్‌ల ఈఎస్‌సీ తీసుకోండి. విమానం సత్తా చెప్పుకోవడానికి మాత్రం సగం బ్యాటరీ అంకె వాడండి. త్రాటిల్ ఒక్కసారిగా తోస్తే ప్రాప్ కదిలే ముందు లాగే కరెంటు కూడా గరిష్ఠంలో చేరిపోతుంది, కాబట్టి రెండు మూడు సెకన్లు తీసుకుని మెల్లగా పెంచండి. బ్యాటరీ తీసేయగానే ఈ అంకెలన్నీ చెరిగిపోతాయి. తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో కొట్టుకోవడం మంచిది. సగం త్రాటిల్ దగ్గర అంకెలు ఊగుతుంటాయి, ఫుల్ త్రాటిల్ రీడింగునే లెక్కకు తీసుకోండి.

టాకోమీటర్ నమ్మకంగా లేకపోతే ఇంత లెక్కా వృథా, ఎందుకంటే ఆర్‌పీఎంలో 2 శాతం తప్పు పవర్‌లో 6 శాతం తప్పవుతుంది. సరిచూసుకోవడం మన దేశంలో చాలా తేలిక. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మిణుకుతుంది. రెండు రెక్కల సెట్టింగ్‌లో టాకోమీటర్‌ను దానివైపు పెడితే 3,000 చూపాలి, మూడు రెక్కల సెట్టింగ్‌లో 2,000. ఇదే కారణంగా ట్యూబ్‌లైట్ కింద ప్రాప్ ఆర్‌పీఎం కొలవకూడదు, ఆరుబయట పగటి వెలుతురులోనే కొలవాలి. ఈఎస్‌సీ తన రీడింగులు పంపే టెలిమెట్రీ ఉంటే అదీ పనికొస్తుంది: వచ్చిన ఎలక్ట్రికల్ ఆర్‌పీఎంను మాగ్నెట్ ధ్రువాల జతలతో, ఆపైన గేరు నిష్పత్తితో భాగించాలి.

ఎండ సంగతి తెలుగు నేల మీద ఎగిరేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ప్రాప్ సూత్రంలోని స్థిరాంకం సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల గాలికి సరిపోయేది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీలుంటే అక్కడి గాలి సాంద్రత ప్రామాణికంలో 0.86 వంతే. విశాఖలో 38 డిగ్రీల దగ్గర అది 0.93. పై అమరికనే హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం నడిపితే మీటర్ సుమారు 21.5 ఆంప్‌లు, 238 వాట్లు చూపిస్తుంది, ప్రాప్ 6,600 దగ్గర తిరుగుతుంది. సాంద్రత సవరణ లేకుండా సూత్రం వేస్తే ప్రాప్‌కి 230 వాట్లు, అంటే 97 శాతం. అలాంటి గేరు మోటారు లేదు. 0.86తో గుణిస్తే 198, మళ్లీ అదే 83 శాతం. కరెంటు తగ్గింది కదా అని వేసవిలో పెద్ద ప్రాప్ వేసి, అదే ప్రాప్‌తో డిసెంబరు పొద్దున ఎగరేస్తే ఆంప్‌లు ఎక్కడికి పోతాయో మీటర్ పెట్టి చూసుకోవాల్సిందే.

కిలోకి ఇన్ని వాట్లు అనే లెక్కను కూడా గేరు మోటారుకు అలాగే అన్వయించకూడదు. నిదానంగా ఎగిరే శిక్షణ విమానాలకు కిలోకి 110, స్పోర్ట్ ఎరోబాటిక్స్‌కు 165 నుంచి 220, 3డీకి (గాల్లో నిలువుగా వేలాడే విన్యాసాలకు) 330 పైన అని చెప్పుకునే అంకెలు బ్యాటరీ నుంచి లాగే వాట్లవి. ప్రాప్ సైజును అవి పట్టించుకోవు. అదే షాఫ్ట్ పవర్‌కు నేల మీద వచ్చే థ్రస్ట్ (ముందుకు లాగే బలం), ప్రాప్ వ్యాసం పెరిగేకొద్దీ పెరుగుతుంది. 220 వాట్లను 8 అంగుళాల ప్రాప్ బదులు 12 అంగుళాలదానికి ఇస్తే, రెక్కల నాణ్యత సమానమనుకుంటే, థ్రస్ట్ సుమారు 30 శాతం ఎక్కువ. గేర్లలో పోయిన 5 శాతం దీని ముందు చాలా చిన్నది. కిలోన్నర బరువున్న గ్లైడర్‌కు ఈ 264 వాట్లు ధారాళంగా చాలు, కాగితం మీద కిలోకి 176 మాత్రమే అయినా. అయితే ప్రాప్ ముందుకు లాగగల వేగం కూడా చూడండి: 8 అంగుళాల పిచ్, 6,510 ఆర్‌పీఎం అంటే సెకనుకు 22 మీటర్లు, గంటకు 79 కిలోమీటర్లు. గాలి బాగా వీచే రోజు గంటకు వంద మీద పరుగెత్తాల్సిన మోడల్‌కు ఈ అమరిక పనికిరాదు, థ్రస్ట్ ఎంత ఉన్నా సరే. గాల్లోకి లేచాక ప్రాప్ మీద భారం తగ్గి కరెంటు నేల మీదకంటే సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

కొనకముందే అంచనా కావాలంటే ఈక్యాల్క్, డ్రైవ్ క్యాలిక్యులేటర్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండింటిలోనూ గేరు నిష్పత్తి వేయొచ్చు. ఈక్యాల్క్ తన లెక్కకు 15 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని తానే చెబుతుంది. 24 ఆంప్‌ల మీద 15 శాతమంటే మూడున్నర ఆంప్‌లు. ప్రాప్, ఈఎస్‌సీ ఎంచుకోవడానికి సరిపోతుంది, చివరి మాట మీటర్‌దే.

ఈ మీటర్ ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. సోర్స్ వైపు నుంచే కరెంటు తీసుకుని తెర వెలగాలంటే కనీసం 4 వోల్టులు కావాలి. ఒక సెల్ బ్యాటరీతో నడిచే ఇండోర్ మోడళ్లలో లోడ్ పడగానే తెర ఆరిపోతుంది. పక్కన చిన్న మూడు పిన్నుల సాకెట్ ఉన్న రకాల్లో వేరే బ్యాటరీ తగిలించి నడపొచ్చు. కానీ ఒకటి రెండు ఆంప్‌లు లాగే చిన్న కోర్‌లెస్ గేరు మోటార్లకు ఇంకో చిక్కుంది: లోడ్ ఏమీ లేనప్పుడు కూడా కొన్ని మీటర్లు 0.1 ఆంప్ చూపిస్తాయి. 24 ఆంప్‌లలో అది లెక్కలోకి రాదు, 1 ఆంప్‌లో పది శాతం. ఆ సైజు మోటార్లకు 10 ఆంప్‌ల రేంజి ఉన్న మంచి మల్టీమీటర్ మేలు. పెద్ద వాటికి కూడా కొన్న రోజే ఒకసారి సరిచూసుకోండి: అడాప్టర్ వైర్లతో (పైన చెప్పిన కొసలకు ఇవి నేరుగా కలవవు) ఛార్జర్‌ను సోర్స్ వైపు, బ్యాటరీని లోడ్ వైపు కలిపి 2 ఆంప్‌లతో ఛార్జి పెట్టి, ఛార్జర్ చూపిన మిల్లీ ఆంప్ గంటలతో మీటర్ అంకెను పోల్చండి. 3 శాతంలోపు తేడా అయితే ఉంచుకోండి, 5 దాటితే మార్చుకోండి.

మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీద అంకెలు సరిగా కనపడవు, ఏదైనా నీడ పట్టాలి. ఆ నీడ కోసం ప్రాప్ ముందుకు వంగొద్దు. మీటర్‌ను ఎప్పుడూ ప్రాప్ తిరిగే వృత్తానికి వెనక, రెక్క పక్కన పెట్టండి. వైరు ప్రాప్‌కి తగలకుండా టేపుతో అంటించండి, విమానం తోకను ఇంకొకరు పట్టుకోవాలి. 12 అంగుళాల ప్రాప్ గేర్ల వల్ల నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, 6,510 ఆర్‌పీఎం దగ్గర దాని కొస సెకనుకు వంద మీటర్ల పైనే పోతుంటుంది.